టైగర్ మాత్ మోడల్: రెక్కలు వెనక్కి ఎందుకు ఉన్నాయో తెలిస్తేనే సరిగ్గా కుదురుతుంది

ప్లాస్టిక్ విమానం కిట్ అనగానే చాలా ఇళ్లల్లో పిల్లల బొమ్మే అనుకుంటారు. డబ్బా తెరిచాక గానీ అందులో ఎంత పని ఉందో తెలియదు. పైగా అది టైగర్ మాత్ లాంటి పైనా కిందా రెండు జతల రెక్కలున్న పాత శిక్షణ విమానమైతే మామూలు సబర్ సరిపోదు.

బ్రిటన్‌లోని డి హావిలాండ్ కంపెనీ దీన్ని తయారు చేసింది. 1931 అక్టోబరులో మొదటిసారి ఎగిరింది. రెండో ప్రపంచ యుద్ధంలో వేలమంది పైలట్లు తొలి పాఠాలు దీని మీదే నేర్చుకున్నారు. ఆ రోజుల్లో మన బేగంపేటలో నడిచిన ఫ్లయింగ్ స్కూల్లోనూ ఇవే ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా వైమానిక దళం కొన్నేళ్లు వీటినే వాడింది. తర్వాత హెచ్‌ఏఎల్ వారి హెచ్‌టీ-2 వీటి చోటు తీసుకుంది.

ముందు సైజు లెక్క. 1/72 స్కేలు అంటే అసలు విమానంలోని 72 సెంటీమీటర్లు మోడల్‌లో 1 సెంటీమీటరు. రెక్కల వెడల్పు 8.94 మీటర్లు కాబట్టి మోడల్ 12.4 సెంటీమీటర్లు వస్తుంది, అరచేతిలో పట్టేస్తుంది. 1/48లో అయితే 18.6. మొదటిసారి చేసేవాళ్లు నాలుగు డబ్బులు ఎక్కువైనా పెద్దదే కొనుక్కోవడం మేలు. చిన్నదాంట్లో భాగాలు వేళ్లకి చిక్కవు.

ఇక అసలు సంగతి రెక్కలది. ఈ విమానంలో ఉస్తాద్ ముందు సీట్లో, నేర్చుకునేవాడు వెనక సీట్లో కూర్చుంటారు. దీనికి ముందొచ్చిన మాత్ విమానాల్లో పై రెక్క, దాని కడ్డీలు, తీగలు సరిగ్గా ముందు సీటు చుట్టూ ఉండేవి. ప్రమాదం వస్తే పారాచూట్ కట్టుకున్న మనిషి అందులోంచి బయటపడటం కష్టం. అందుకని టైగర్ మాత్‌లో పై రెక్క మధ్యభాగాన్ని ముందుకి జరిపారు. అలా జరిపితే విమానం బ్యాలెన్స్ తప్పుతుంది కదా? దాన్ని సరిచేయడానికి రెక్కల కొసల్ని వెనక్కి మళ్లించారు. పైనుంచి చూస్తే బాణంలా కనపడేది అందుకే. మోడల్‌లో ఈ వాలు పోయిందంటే మిగతాదంతా ఎంత బాగా చేసినా అది టైగర్ మాత్‌లా ఉండదు.

అందుకే తొందర పనికిరాదు. కింది రెక్కలు అతికించి పూర్తిగా ఆరనివ్వాలి. పై రెక్కకి విడిగా రంగు వేసుకోవాలి, బిగించాక బ్రష్ లోపలికి పోదు. కడ్డీలు నిలబెట్టేటప్పుడు రెక్కల కింద అగ్గిపెట్టెలు ఆసరా పెట్టి ఒక రాత్రి కదపకుండా వదిలేస్తే వంకర రాదు.

తీగల దగ్గరే చాలామంది చేతులెత్తేస్తారు. దుకాణాల్లో సన్నని ఎలాస్టిక్ దారం దొరుకుతుంది. ఖర్చు వద్దనుకుంటే కిట్ భాగాలు అంటుకుని ఉండే ప్లాస్టిక్ కాడను కొవ్వొత్తి మీద, మంట తగలకుండా వేడి చేసి మెత్తబడగానే సాగదీస్తే వెంట్రుకంత తీగ వస్తుంది. ఇది పెద్దవాళ్లు చేయాల్సిన పని. బ్లేడు కూడా అంతే. ప్లాస్టిక్ జిగురు దారాన్ని పట్టుకోదు, దానికి సూపర్ గ్లూ కావాలి. అయితే సూపర్ గ్లూ ఆవిరి తగిలితే పారదర్శకంగా ఉండే చిన్న అద్దాలు తెల్లగా మసకబారతాయి, వాటికి చెక్కపని తెల్ల జిగురే వాడాలి. కిటికీలు తెరిచి పెట్టుకోవడం మాత్రం మరిచిపోకూడదు. పెయింట్, జిగురు వాసన ఏసీ గదిలో పిల్లల పక్కన మంచిది కాదు.

రంగు సంగతి చూస్తే, శిక్షణ విమానం దూరం నుంచే కనపడాలి కాబట్టి పసుపు వాడారు. యుద్ధకాలంలో బ్రిటన్‌లో మాత్రం కింద పసుపు ఉంచి, పైన ఆకుపచ్చ, మట్టిరంగు పూశారు. డబ్బా మీద బొమ్మ చూసి బేగంపేట విమానం అనుకోవడం సరికాదు. 1947కి ముందు గుర్తులు వేరు, తర్వాత వేరు. ఏదో ఒక విమానాన్ని, ఒక సంవత్సరాన్ని ఎంచుకుని, దాని పాత ఫొటో సంపాదించి పెట్టుకున్నాకే స్టిక్కర్లు నీళ్లలో వేయాలి. ఒకసారి తడిస్తే మళ్లీ కాగితం మీదకి వెళ్లవు.