పిల్లల పేర వచ్చే డబ్బు ఎవరి చేతికి?

నెల జీతం ఇంటికొస్తుంది. అద్దెకింత, బియ్యానికింత, పాలవాడికింత అని లెక్కలు కట్టేశాక ఇల్లాలి చేతిలో మిగిలేది చాలా ఇళ్ళల్లో పోపులడబ్బాలో పట్టేంతే. కాని పొద్దున్నే బడికి బయల్దేరుతూ పిల్ల “అమ్మా, ఇవాళే జామెట్రీ బాక్సు కావాలిట” అన్నప్పుడు అక్కరకొచ్చేది ఆ డబ్బాయే కదండీ. ఇది మనకందరికీ తెలిసిన ముచ్చటే. దీన్నే చట్టసభకెక్కించి, ప్రభుత్వం పిల్లలకోసం ఇచ్చే డబ్బు తల్లి చేతికే అందాలని శాసనం చేయించినవాళ్ళు కొన్ని దేశాల్లో ఉన్నారు. వాళ్ళ సంగతులు ఇవాళ చెప్పుకుందాం.

ముందు ఇంగ్లండు. ఎలినార్ రాత్‌బోన్ అని ఒకావిడ ఉండేది. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో లివర్‌పూల్ నగరంలో, యుద్ధానికి వెళ్ళిన సైనికుల భార్యలకు ప్రభుత్వం నేరుగా ఇచ్చే భత్యం పంచే పనిలో ఉండేది. వారం వారం తమ చేతికే డబ్బు రావడంతో ఆ ఇళ్ళల్లో పిల్లల తిండీ బట్టా ఎలా మారుతున్నాయో కళ్ళారా చూసింది. 1924లో ‘ది డిజిన్‌హెరిటెడ్ ఫ్యామిలీ’ అనే పుస్తకం రాసింది. ఆవిడ వాదన చాలా సూటిగా ఉంటుంది. ఫ్యాక్టరీలో బ్రహ్మచారికీ అదే కూలి, అయిదుగురు పిల్లల తండ్రికీ అదే కూలి. మరి ఆ పిల్లల్ని ఎవరు పోషించాలి? పిల్లలు దేశానికి కావలసినవాళ్ళే అయితే దేశమూ కొంత భరించాలి కదా అంది.

ఇరవై ఏళ్ళు పోరాడితే 1945లో బిల్లు వచ్చింది. తీరా చూస్తే అందులో ఆ డబ్బు తండ్రికి చెందుతుందని రాసి ఉంది! అప్పటికి పార్లమెంటు సభ్యురాలైన ఆవిడ, అలా అయితే ఈ బిల్లుకు నేనే వ్యతిరేకంగా ఓటు వేస్తానంది. చివరికి ప్రభుత్వం ఆ ఒక్క విషయాన్ని సభ్యుల ఇష్టానికి వదిలేసింది. సభ తల్లి వైపే మొగ్గింది. 1946 ఆగస్టు నుంచి, మొదటి బిడ్డను మినహాయించి మిగిలిన ఒక్కొక్క బిడ్డకూ వారానికి 5 షిల్లింగుల చొప్పున, తల్లులు పోస్టాఫీసుకు వెళ్ళి తీసుకున్నారు. అది చూడటానికి రాత్‌బోన్ లేదు. ఆ జనవరిలోనే పోయింది.

కథ అంతటితో అయిపోలేదు. పిల్లలున్న మగవాళ్ళకి ఆదాయప్పన్నులో కొంత రాయితీ విడిగా ఉండేది. దాన్ని తీసేసి, మొదటి బిడ్డతో సహా అందరికీ తల్లి చేతికే సొమ్ము ఇద్దామని 1975లో చట్టం చేశారు. తీరా అమలుకొచ్చేసరికి, మగవాళ్ళ జీతం కవరు బరువు తగ్గితే ఊరుకుంటారా అని మంత్రులు జంకి 1976లో వాయిదా వేయబోయారు. ఆ మంత్రివర్గం కాగితాలు కాస్తా పత్రికకెక్కాయి. పెద్ద గొడవే అయింది. ఎట్టకేలకు 1977 నుంచి విడతలవారీగా అమలు చేశారు. అంటే భర్త జేబులో డబ్బు భార్య కొంగుముడిలోకి మారిందన్నమాట. ఇంటి మొత్తం రాబడిలో పెద్ద తేడా లేదు. ఇంట్లో డబ్బు ఇంట్లోనే ఉంది కదా, ఎవరి చేతిలో ఉంటేనేం అనేవాళ్ళకి తరువాత ఆర్థికశాస్త్రజ్ఞులు జవాబు చెప్పారు. ఆ మార్పుకి ముందూ తరువాతా కుటుంబాల ఖర్చుల లెక్కలు తీసి 1997లో ప్రచురించారు. మగవాళ్ళ బట్టల ఖర్చుతో పోలిస్తే ఆడవాళ్ళ బట్టలకీ, పిల్లల బట్టలకీ అయ్యే ఖర్చు పెరిగిందని తేలింది. ఇది తెలుసుకోవడానికి లెక్కలెందుకంటారా? మీకూ నాకూ అక్కర్లేదు. మంత్రులకి కావాలి.

స్వీడన్‌లో ఇంత గొడవ జరగలేదు. 1948 జనవరి నుంచి ఒక్కొక్క బిడ్డకు ఏడాదికి 260 క్రోనార్లు, ఉన్నవాళ్ళు లేనివాళ్ళు అనే తేడా లేకుండా, తల్లి పేరనే ఇచ్చారు. పదహారేళ్ళు దాటి ఇంకా చదువుతుంటే విద్యార్థి భత్యం ఉంటుంది. అందరికీ వచ్చే డబ్బు కనక తీసుకోవడానికి ఎవరికీ నామోషీ లేదు. 2014 నుంచి కొత్తగా పుట్టిన పిల్లలకు తల్లికి సగం, తండ్రికి సగం చొప్పున ఇస్తున్నారు. బిడ్డను చూసుకోవడానికి తండ్రి కూడా జీతంతో సెలవు పెట్టే ఏర్పాటు 1974 నుంచీ ఉన్న దేశం కనక వాళ్ళకది సబబే.

ఇక మెక్సికో. అక్కడ 1997లో పల్లెటూళ్ళలో ‘ప్రొగ్రేసా’ అనే పథకం పెట్టారు. పిల్లవాడు బడికి నూటికి 85 రోజులు వెళ్తేనే డబ్బు. అదీ తల్లికే. పై తరగతులకు వెళ్ళేకొద్దీ సొమ్ము పెరుగుతుంది. ప్రాథమిక పాఠశాల దాటాక ఆడపిల్లలకు మగపిల్లలకన్నా ఎక్కువ. ఎందుకంటే ఆడపిల్ల చదువు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. 506 గ్రామాల్ని ఎంచి, కొన్నిటిలో ముందుగా, కొన్నిటిలో ఆలస్యంగా అమలుచేసి పోల్చి చూశారు. ప్రాథమిక తరగతులు దాటి పై చదువుకి వెళ్ళే ఆడపిల్లలు పెరిగారు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పిల్లల్ని వైద్యపరీక్షలకు తీసుకెళ్ళాలి, ఆరోగ్యోపన్యాసాలకు హాజరు కావాలి. ఇవన్నీ తల్లి వంతే. తండ్రికి ఏ షరతూ లేదు! డబ్బు ఆమె చేతిలో పెట్టారు సరే, దాంతోపాటు చాకిరీ కూడా ఆమె నెత్తినే పెట్టారని అక్కడి స్త్రీలే విమర్శించారు. పేర్లు మారుతూ వచ్చిన ఆ పథకాన్ని 2019లో ఎత్తేసి, విద్యార్థి వేతనాలు పెట్టారు.

బంగ్లాదేశ్ ఇంకో అడుగు ముందుకేసింది. 1994లో దేశమంతటా హైస్కూలు ఆడపిల్లలకు భత్యం మొదలుపెట్టి, దాన్ని ఆ పిల్లల పేరే బ్యాంకు ఖాతాలో వేసింది. షరతులు మూడు. 75 శాతం హాజరు, 45 శాతం మార్కులు, ఎస్.ఎస్.సి. పరీక్షదాకా పెళ్ళి చేసుకోకూడదు. “పెళ్ళి చేస్తే డబ్బు ఆగిపోతుంది” అని అత్తవైపువాళ్ళకి చెప్పడానికి తల్లికి ఒక మాట దొరికింది చూడండి, అది ఆ సొమ్ముకన్నా ఎక్కువ విలువైనదని నేననుకుంటాను. కొన్నేళ్ళలోనే హైస్కూళ్ళలో ఆడపిల్లల సంఖ్య మగపిల్లల్ని మించింది. చేరినవాళ్ళందరూ పరీక్ష గట్టెక్కారని మాత్రం చెప్పలేం. డబ్బు పిల్లను బడిదాకా తీసుకెళ్తుంది. లోపల పాఠం చెప్పవలసింది మేష్టారే.

తల్లికిస్తేనే అంతా బాగుంటుందని నేను ఒట్టు పెట్టి చెప్పను. మొరాకోలో 2008లో ఇటువంటి పథకం పెట్టి కొన్నిచోట్ల తల్లులకూ, కొన్నిచోట్ల తండ్రులకూ ఇచ్చి చూశారు. పిల్లలు బడి మానెయ్యడం రెండుచోట్లా తగ్గింది, తేడా పెద్దగా కనబడలేదు. ఇది చదువు డబ్బు అని పేరుపెట్టి ఇస్తే చాలు, తండ్రి కూడా దాన్ని చదువు డబ్బుగానే చూశాడు. మగవాళ్ళందర్నీ ఒక్క గాటన కట్టెయ్యడం కూడా న్యాయం కాదుకదా!

మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో ‘అమ్మ ఒడి’ పేరుతో ఏటా 15,000 రూపాయలు తల్లి ఖాతాలో వేయడం మొదలైంది. 75 శాతం హాజరు నిబంధన ఉండేది, కరోనా రోజుల్లో సడలించారు. ఎందరు పిల్లలున్నా తల్లికి ఒక్కసారే. ప్రభుత్వం మారాక 2025 జూన్‌లో ‘తల్లికి వందనం’ అని పేరుమార్చి, చదువుకునే ప్రతి బిడ్డకూ అన్నారు. చేతికి వచ్చేది 13,000, తక్కిన 2,000 బడి బాగుకు. పార్టీల పోటీ సంగతి అలా ఉంచితే, రెండు ప్రభుత్వాలూ తల్లి ఖాతానే ఎంచుకున్నాయి. రాత్‌బోన్ పోట్లాడి గెలిచింది ఇక్కడ పోట్లాడకుండానే వచ్చింది.

కాని ఖాతా ఆమె పేర ఉండటం వేరు, డబ్బు ఆమె చేతిలో ఉండటం వేరు. ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది? డబ్బు పడిందన్న మెసేజ్ ఎవరి ఫోనుకు వస్తోంది? మనింట్లో అంట్లు తోమే మనిషి పిల్లలూ బడికి వెళ్తున్నారేమో, ఒకసారి అడగండి. ఫోను నంబరు మొగుడిదై ఉండి, ఆమెకు తనదంటూ ఒక ఫోను ఉంటే, పాస్‌బుక్కూ ఆధార్ కార్డూ పట్టుకుని బ్యాంకుకు వెళ్ళి కాగితం రాసిస్తే నంబరు మారుస్తారు. రాయడం రాకపోతే ఆ కాగితం మీరు రాసిపెట్టండి, పది నిమిషాల పని.