కొత్త పాట ఎక్కించే ముందు... పాత పాట భద్రమేనా?

అలమర సర్దుతుంటేనో, పాత హ్యాండ్‌బ్యాగు దులుపుతుంటేనో చేతికి తగులుతుంది... అగ్గిపెట్టెంత ఎం.పి.3 ప్లేయరో, ఎప్పుడో అమెరికా నుంచి తమ్ముడు తెచ్చిన ఐపాడో! సరదాగా చార్జింగ్ పెట్టి చూస్తే తెర వెలుగుతుంది. పదిహేనేళ్ల కిందట మీరు విన్న పాటలన్నీ చెక్కుచెదరకుండా అలాగే ఉంటాయి. ‘ఇందులో నాలుగు కొత్త పాటలు కూడా వేసుకుంటే వంట చేసుకుంటూ వినొచ్చు కదా’ అనిపిస్తుంది. అంతలోనే ‘మనకెక్కడ వస్తుంది, అబ్బాయి వచ్చినప్పుడు ఎక్కిస్తాడులే’ అనుకుని మళ్లీ అలమరలోనే పెట్టేస్తారు.

ఆ అబ్బాయి రానే వచ్చాడనుకోండి. తన ల్యాప్‌టాప్‌కి తగిలించి, తెరమీద వచ్చిన ప్రశ్న చదవకుండానే ‘ఓకే’ కొట్టేసి, పావుగంటలో “ఇదుగో అమ్మా, అయిపోయింది” అంటాడు. కొత్త పాటలు బ్రహ్మాండంగా వినిపిస్తాయి. పాతవి మాత్రం ఒక్కటీ ఉండవు! అందులో అబ్బాయి నిర్లక్ష్యం కొంత ఉంటే ఉండొచ్చు గానీ, ప్లేయర్ మాత్రం పాడవలేదు. ఆ యంత్రం పద్ధతే అంత.

పోయినవి సినిమా పాటలైతే మళ్లీ ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. కానీ చాలా ప్లేయర్లలో రికార్డింగు సౌకర్యం కూడా ఉండేది. అమ్మమ్మ చేత పాడించి పెట్టుకున్న మంగళహారతో, పాపాయి ముద్దుమాటలో అందులో ఉంటే? వాటికి ఇంకో కాపీ ఏ షాపులోనూ ఉండదు కదా! అందుకే ఈ పనిలో మొదట చేయాల్సింది కొత్త పాటలు వెతకడం కాదు, ఉన్నవాటికి నకలు తీసి పెట్టుకోవడం. దీనికి ఇంజినీరింగు చదివి ఉండనక్కర్లేదు. కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌ని కాపీ చేయడం వస్తే చాలు.

ముందు వీపు చూడండి

చార్జింగ్ పెట్టకముందే ప్లేయర్‌ని బల్లమీద పెట్టి పరీక్షగా చూడండి. వెనకవైపు ఉబ్బిందా? తెర పక్కనుంచి లేచిందా? అలా ఉంటే లోపలి లిథియం బ్యాటరీ ఉబ్బినట్టే. దాన్ని నొక్కకూడదు, చార్జింగ్ అసలే పెట్టకూడదు. మరమ్మతు తెలిసినవాళ్ల చేత బ్యాటరీ తీయించాలి, చెత్తబుట్టలో పడేయకూడదు. 2005 సెప్టెంబరు నుంచి 2006 డిసెంబరు దాకా అమ్మిన మొదటి తరం ఐపాడ్ నానోల బ్యాటరీలు వేడెక్కి ప్రమాదం కలిగించే అవకాశం ఉందని, 2011 నవంబరులో ఆపిల్ కంపెనీ వాటిని వెనక్కి తీసుకుని వేరేవి ఇచ్చింది. మీ దగ్గరున్నది అలాంటిదేమో చూసుకోండి.

వైరు సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. 2012కి ముందు వచ్చిన ఐపాడ్‌లలో చాలావాటికి వెడల్పాటి 30 పిన్నుల వైరు కావాలి. చిన్న క్లిప్పులాంటి ఐపాడ్ షఫుల్‌కైతే రెండో తరం నుంచి ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రంలోనే చార్జింగ్ వైరూ దూరుతుంది. ‘దీనికి చార్జింగ్ పిన్నే లేదు, పాడైపోయింది’ అని పారేయకండి మరి!

వాక్‌మన్ నుంచి ఇక్కడిదాకా...

1979 జులై 1న సోనీ కంపెనీ జపాన్‌లో వాక్‌మన్‌ని అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత మనమంతా క్యాసెట్ల మీద పడ్డాం. పాటల జాబితా కాయితం మీద రాసి రికార్డింగ్ షాపువాడికిస్తే, రెండ్రోజుల తర్వాత ఖాళీ క్యాసెట్‌లో నింపి ఇచ్చేవాడు. కొత్త పాట కావాలంటే పాత పాట మీదే రికార్డు చేయాలి, రెండూ దక్కవు. 2001 అక్టోబరు 23న ఆపిల్ తొలి ఐపాడ్‌ని చూపించినప్పుడు అందరూ నోరెళ్లబెట్టింది ఇందుకే. అయిదు జి.బి. డిస్కులో, జేబులో పట్టే పెట్టెలో, 1000 పాటలు!

అన్ని పాటలు ఎలా పట్టాయంటే అది ఎం.పి.3 మహిమ. పాటలో మన చెవి పట్టించుకోని ధ్వనుల్ని వదిలేసి, ఫైలుని సి.డి.లో ఉన్నదానికంటే పదోవంతు దాకా కుదించే పద్ధతి అది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో దీనిమీద పనిచేసిన కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్‌కి పెద్ద పరీక్ష పెట్టింది ఎవరో తెలుసా? సుజాన్ వేగా అనే అమెరికన్ గాయని. వాద్యాలేవీ లేకుండా ఆమె పాడిన ‘టామ్స్ డైనర్’ పాట, కుదించగానే వినలేనంత ఘోరంగా వచ్చిందట. ఆ ఒక్క ఆడగొంతు చక్కగా పలికేదాకా ఆయన మళ్లీ మళ్లీ సరిదిద్దుకుంటూ వెళ్లాడు. ‘.ఎం.పి.3’ అనే తోకపేరు 1995లో పెట్టారు.

మామూలు ప్లేయరైతే సులువే

ఐపాడ్ కాకుండా మామూలు కంపెనీల ఎం.పి.3 ప్లేయర్లలో చాలావాటిని కంప్యూటర్ పెన్‌డ్రైవ్‌లాగే చూస్తుంది. వైరు పెట్టగానే ఒక డ్రైవ్ కనిపిస్తుంది. అందులో ఉన్నదంతా, ఫోల్డర్లతో సహా, కంప్యూటర్‌లో ‘పాత ప్లేయర్’ అనే పేరుతో ఒక చోటికి కాపీ చేసేయండి. ‘రికార్డ్’ అనో ‘వాయిస్’ అనో ఫోల్డర్ ఉంటే అసలు వదలొద్దు, ఇంట్లోవాళ్ల గొంతులుండేది అందులోనే. ఆ తర్వాత కొత్త ఎం.పి.3 పాటల్ని తెచ్చి డ్రైవ్‌లో వేస్తే సరి. వైరు పీకే ముందు ‘సేఫ్‌లీ రిమూవ్’ నొక్కండి. పాట ఇంకా ఎక్కుతుండగానే లాగేస్తే మొత్తం డ్రైవే చదవడానికి వీల్లేకుండా పోవచ్చు.

ఎన్ని పడతాయి అంటారా? మామూలు 128 నాణ్యతలో నిమిషం పాటకి సుమారు ఒక ఎం.బి. అంటే అయిదు నిమిషాల పాట అయిదు ఎం.బి., ఒక జి.బి.కి ఇంచుమించు 200 పాటలు. అదే 320 నాణ్యతలో అయితే 80కి మించవు. చిన్న ఇయర్‌ఫోన్‌లో, పక్కన మిక్సీ తిరుగుతుండగా వినేదానికి 320 ఎందుకండీ!

పాటలు వేశాక కూడా ఇబ్బంది పెట్టేవి రెండు మూడున్నాయి. మెమరీ కార్డు పెట్టుకునే ప్లేయరైతే, షాపువాడు ఇచ్చాడు కదా అని 64 జి.బి. కార్డు తెచ్చుకోకండి. పాతవాటిలో చాలావరకు 32 జి.బి. దాకానే గుర్తిస్తాయి, మరీ పాతవైతే 2 జి.బి.తో సరి. ఎం.4.ఎ., ఫ్లాక్ అనే రకం ఫైళ్లు చాలా చిన్న ప్లేయర్లకి అర్థం కావు, వాటిని ఎం.పి.3గా మార్చాకే వేయాలి. పాట పేరు తెలుగులిపిలో ఉంటే కొన్ని తెరల మీద ప్రశ్నార్థకాలో గళ్లో వస్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టుకుంటే ఆ బాధ లేదు. ఇంకొకటి... చాలా ప్లేయర్లు ఫైళ్లు ఏ వరసలో ఎక్కాయో అదే వరసలో వినిపిస్తాయి. పొద్దున్నే సుప్రభాతంతో మొదలవ్వాలంటే సుప్రభాతాన్నే ముందు ఎక్కించాలి!

ఐపాడ్ తీరే వేరు

ఐపాడ్‌ని కూడా పెన్‌డ్రైవ్ అనుకుని పాటలు వేసేసి, ‘ఎక్కాయి గానీ వినపడట్లేదు’ అని తలపట్టుకునేవాళ్లు చాలామంది. ఐపాడ్ తన దగ్గరున్న పాటలకి లోపల ఒక పట్టీ రాసుకుంటుంది. ఆ పట్టీలో లేని పాట డిస్కులో ఉన్నా దానికి లేనట్టే. పట్టీలో ఎక్కించే పని ఐట్యూన్స్ అనే ప్రోగ్రామ్‌ది.

ఈ ఐట్యూన్స్‌తోనే అసలు పేచీ. ఐపాడ్‌ని అది పెట్టెలా కాకుండా అద్దంలా చూస్తుంది. కంప్యూటర్‌లోని లైబ్రరీలో ఏవుంటే ఐపాడ్‌లోనూ అవే ఉండాలి, లేనివి ఉండకూడదు... దీన్నే ‘సింక్’ అంటారు. మీ ఐపాడ్‌ని నింపిన పాత కంప్యూటర్ ఎప్పుడో పాత సామాన్లలో పోయింది. కొత్త కంప్యూటర్‌లో లైబ్రరీ ఖాళీ. కొత్త వంటింట్లో ఇంకా డబ్బాలే సర్దలేదు కాబట్టి, మీ పోపుల పెట్టె కూడా ఖాళీ చేసేస్తానన్నట్టు ఉంటుంది దాని వరస. అయితే చెప్పకుండా చేయదు. ఈ ఐపాడ్ వేరే లైబ్రరీకి చెందింది, చెరిపేసి దీనితో కలపమంటారా అని అడుగుతుంది. అక్కడ ‘ఎరేజ్ అండ్ సింక్’ అనే బటన్ కనిపిస్తే ‘క్యాన్సిల్’ నొక్కండి. ‘ట్రాన్స్‌ఫర్ పర్చేజెస్’ అనే మరో బటన్‌ని చూసి ధైర్యపడకండి, అది ఐట్యూన్స్‌లో డబ్బిచ్చి కొన్న పాటల్నే కాపాడుతుంది. మీరు సి.డి.ల నుంచి ఎక్కించుకున్నవి దాని లెక్కలోకి రావు.

పాత పాటల్ని దింపుకోవడానికి చక్కటి మార్గం, ఐట్యూన్స్ లేని విండోస్ కంప్యూటర్‌కి ఐపాడ్‌ని తగిలించడం. అది డ్రైవ్‌లా కనిపిస్తుంది. తెరిస్తే పాటలుండవు, కంగారు పడకండి. పైన ‘వ్యూ’లోకి వెళ్లి ‘హిడెన్ ఐటమ్స్’ దగ్గర టిక్కు పెడితే ‘ఐపాడ్ కంట్రోల్’ అనే దాగిన ఫోల్డర్ బయటికొస్తుంది. దానిలో ‘మ్యూజిక్’, దానిలో ఎఫ్00, ఎఫ్01 అంటూ వరసగా చిన్న ఫోల్డర్లు. పాటల పేర్లన్నీ అర్థంపర్థం లేని నాలుగేసి అక్షరాలతో ఉంటాయి. ఉండనివ్వండి. ఆ ‘మ్యూజిక్’ ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. అసలు పేర్లు పాట ఫైలు లోపలే రాసి ఉంటాయి కాబట్టి, తర్వాత ఐట్యూన్స్‌లో చేర్చగానే పాట పేరు, పాడినవాళ్ల పేరు మామూలుగా కనిపిస్తాయి.

ఒకవేళ తగిలించగానే విండోస్ ‘ఈ డిస్కుని ఫార్మాట్ చేయాలి’ అంటే వెంటనే వద్దనండి! ఆ ఐపాడ్‌ని మ్యాక్ కంప్యూటర్‌తో సిద్ధం చేసి ఉండొచ్చు. మ్యాక్ ఉన్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే చదువుతుంది. ఫోన్‌లా ఉండే ఐపాడ్ టచ్‌లో మాత్రం ఈ పద్ధతిలో పాటలు కనిపించవు.

నకలు చేతికొచ్చాక ఒకటి రెండు పాటలు కంప్యూటర్‌లో వినిచూడండి. ఆ తర్వాతే ఐట్యూన్స్ వేసి, పాత పాటలు, కొత్త పాటలు అన్నీ దాని లైబ్రరీలో చేర్చండి. ఇప్పుడు చెరిపి కలపమన్నా భయం లేదు, చెరిపినవి కూడా తిరిగి ఎక్కుతాయి. సెట్టింగుల్లో ‘మాన్యువల్లీ మేనేజ్ మ్యూజిక్’ అన్నదాన్ని ఎంచుకుంటే ఇకమీద అద్దం వేషాలు వేయకుండా మీరు ఎక్కించింది ఎక్కించినంతే తీసుకుంటుంది. మ్యాక్‌లో 2019 నుంచి ఐట్యూన్స్ లేదు, పాటలు ‘మ్యూజిక్’లోనూ ఐపాడ్ ‘ఫైండర్’లోనూ కనిపిస్తాయి. విండోస్‌లో 2024లో ‘ఆపిల్ మ్యూజిక్’, ‘ఆపిల్ డివైసెస్’ అని విడిగా వచ్చాయి. అవి వేసుకుంటే పాటలూ ఐపాడూ వాటి చేతికి పోతాయి.

ఆపిల్ 2022 మేలో ఐపాడ్ తయారీకి స్వస్తి చెప్పింది. అయినా ఉన్నవి పనిచేస్తూనే ఉన్నాయి. ‘ఫోనుండగా ఇదెందుకమ్మా’ అని పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. పాట మధ్యలో లోన్ కావాలా అని ఫోన్ రాదు, గుడ్‌మార్నింగ్ మెసేజ్ మోగదు, ఇంటర్నెట్ అవసరం లేదు, చందా ఆగిపోతే పాటలు మాయమవవు. పెద్దవాళ్లకైతే నొక్కడానికి బటన్ ఉండటమే పెద్ద సుఖం.

కొత్త పాటలు ఎక్కడివి?

ఫోన్‌లోని పాటల యాప్‌లో ‘డౌన్‌లోడ్’ చేసినవి ప్లేయర్‌లోకి రావు. అవి తాళం వేసిన ఫైళ్లు, ఆ యాప్‌లోనే వినాలి. ఊరూపేరూ లేని వెబ్‌సైట్ల నుంచి ఉచితంగా దింపుకుంటే పాటతోపాటు వైరస్ కూడా రావొచ్చు, పైగా అది పాడినవాళ్లకీ రాసినవాళ్లకీ దక్కాల్సింది ఎగ్గొట్టడమే. డబ్బిచ్చి ఫైలుగా కొనుక్కునేవి ఉన్నాయి. కానీ నన్నడిగితే అసలు గని మీ ఇంట్లోనే ఉంది... పాత సి.డి.లు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సి.డి. పెట్టే చోటు లేకపోతే, యు.ఎస్.బి. వైరుతో తగిలించే సి.డి. డ్రైవ్ విడిగా దొరుకుతుంది. విండోస్ మీడియా ప్లేయర్‌లో ‘రిప్’ సెట్టింగులకి వెళ్లి ఎం.పి.3 అని ఎంచుకుని నొక్కితే సి.డి. మొత్తం కొన్ని నిమిషాల్లో పాటలుగా దిగుతుంది.

క్యాసెట్లకి కొంచెం ఓపిక కావాలి. టేప్‌రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌లోని మైక్ లేదా లైన్-ఇన్ రంధ్రానికి ఒక వైరు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో రికార్డు చేసి, ఎం.పి.3గా దాచుకోవాలి. 60 నిమిషాల క్యాసెట్‌కి 60 నిమిషాలూ పడుతుంది, అడ్డదారి లేదు. ఒకవైపు పెట్టేసి వంటపని చూసుకుని, అరగంటకి వచ్చి రెండోవైపు తిప్పితే చాలు. కుక్కర్ కూతలు కూడా అందులో పడతాయేమోనని బెంగపడకండి, వైరులోంచి వెళ్లేది క్యాసెట్ పాటొక్కటే.