రంగు కట్టె పొయ్యిలకు వద్దు

ఊళ్లో అమ్మానాన్నల ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు సామాను వృథా కాకుండా ఏం చేయాలో రాయమని ఇక్కడ అమెరికాలో మన సంఘం సంచిక కమిటీ అడిగింది. నేను రంగుల ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి నాకు తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. సెలవు ఎన్ని రోజులు దొరుకుతుంది, సూట్‌కేసులో ఎన్ని కిలోలు పడతాయి, బ్యాంకు కాగితాలు ఎట్లా సర్దుకోవాలి అన్నవి మనందరం ఒకసారైనా పడ్డ తిప్పలే. వాటి జోలికి పోను. చదువు, ఉద్యోగం, అనుభవం అన్నీ ఉండి కూడా నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. అది ఇంకెవరూ చేయకూడదు.

మాది నిర్మల్. 2019 మార్చిలో, నాన్న పోయిన ఏడాదికి, అమ్మను హైదరాబాద్‌లో చెల్లె దగ్గర ఉంచాలని అనుకున్నాం. గూనపెంకుల ఇల్లు పన్నెండు రోజుల్లో ఖాళీ చేయాలి. ఇత్తడి బిందెలు, గంగాళాలు చుట్టాలు పంచుకున్నారు. నాన్న పుస్తకాలు చదువుకునే పిల్లలకు ఇచ్చాం. అమ్మ పాత చీరలు బొంతలు కుట్టే ఆమెకు ఇస్తే నాలుగు బొంతలు కుట్టి, రెండు మాకే తెచ్చిచ్చింది. అంతా సక్రమంగా జరుగుతోందని నా మనసు నిండిపోయింది.

చివరికి పెరటి కొట్టంలో కట్టె సామాను మిగిలింది. పాత కిటికీ తలుపులు, విరిగిన అల్మారా పలకలు, మేమందరం ఊగిన తొట్టెల. అన్నింటికీ పసుపు, ఆకుపచ్చ ఎనామిల్ రంగులే. ఇంట్లో పెండ్లి అయినప్పుడల్లా నాన్న కొత్త పూత వేయించేవారు. పక్కింటి పెద్దమ్మ వచ్చి, "ఊకెనే పడున్నయి గద బిడ్డా, నీళ్ల కాగు కిందకు పనికొస్తయి, నాకియ్యి" అంది. చెత్తకుప్పలో పడకుండా ఒక ఇంటికి వేన్నీళ్లవుతాయని సంబరపడి మనిషిని పెట్టి మోయించాను.

బయల్దేరే రోజు చెప్పి రావడానికి వాళ్లింటికి పోయాను. పెద్దమ్మ నల్లా దగ్గర కూర్చుని డబ్బాలోని బూడిదతో బోళ్లు తోముతోంది. రెండేళ్ల మనుమరాలు పక్కనే కూర్చుని అదే బూడిదలో చేతులు పెట్టి ఆడుతోంది, వేళ్లు నోట్లో పెట్టుకుంటోంది. పొయ్యిలో మా పసుపు పలక సగం కాలి ఉంది. రంగు బుడగలు బుడగలుగా లేచి నల్లబడుతోంది. పెయింట్లలో సీసం ఎంతుందో కొలవడమే నా ఉద్యోగం. నా నోట మాట రాలేదు.

పిల్లను ఎత్తుకుని చేతులు కడిగాను. మిగిలిన కట్టెలన్నీ వెనక్కి తెప్పించాను. బూడిద డబ్బా మూత పెట్టి పక్కన పెట్టించాను. ఒక రంగు పెళ్లను కవర్లో వేసుకుని వచ్చి ఇక్కడి మా ల్యాబ్‌లో ఎక్స్‌రే యంత్రం కింద పెట్టి చూశాను. సీసం పరిమితిని ఎన్నో రెట్లు దాటి ఉంది. వాళ్ల కొడుక్కు ఫోన్ చేసి పిల్లకు రక్త పరీక్ష చేయించమని బతిమాలాను. భయపడాల్సినంత లేదని రిపోర్టు వచ్చేదాకా నాకు నిద్ర లేదు.

ఎందుకంత భయమో చెప్తాను. సీసం మూలకం. మంట దాన్ని నాశనం చేయలేదు. కట్టె కాలిపోతుంది, రంగులోని నూనె కాలిపోతుంది, సీసం మాత్రం కొంత పొగలో కలిసి మిగతాది బూడిదలో నిలుస్తుంది. మోపెడు కట్టె గుప్పెడు బూడిదైనప్పుడు ఆ గుప్పెట్లోనే విషం చిక్కబడుతుంది. ఆ బూడిదతో మనవాళ్లు బోళ్లు తోముతారు, చిక్కుడు పాదు మీద చల్లుతారు. కామదహనం బూడిదనైతే నొసట కూడా పెట్టుకుంటారు. పాత కట్టె కనిపిస్తే కాముని కుప్పకు మోసుకుపోవడం చిన్నప్పుడు మనమూ చేసిన పనే.

శరీరంలో సీసం ఇంతవరకు ఉంటే పర్వాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మింగిన సీసాన్ని చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది, రక్తహీనత తెస్తుంది. పైకి ఏమీ కనిపించదు. పిల్ల చదువులో వెనకబడితే అందరూ బద్ధకం అనుకుంటారు.

మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2016లో నిబంధన తెచ్చారు. అది 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ ఏదైనా అనుమానించాల్సిందే. పసుపు, నారింజ రంగులకు లెడ్ క్రోమేట్ వాడేవారు. దానికి నీలం కలిపితే ఆకుపచ్చ. ఇనుప గ్రిల్స్‌కు అడుగున కొట్టే ఎర్ర పూతలోనూ సీసమే. తొందరగా ఆరడానికి కూడా సీసం కలిపేవారు కనుక తెల్లరంగునూ నమ్మలేం. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లు కిరాయికి తీసుకుంటే సీసం రంగు హెచ్చరిక కాగితం మీద సంతకం చేయిస్తారు. ఇక్కడ సంతకం పెట్టి పిల్లలను ఆ గోడల దగ్గరికి పోనివ్వం. మన ఊరి ఇంట్లో అడుగుపెట్టగానే ఆ జాగ్రత్త మరిచిపోతాం.

అందుకే ఇల్లు సర్దేటప్పుడు కట్టె సామానును మొదటి రోజే రెండు కుప్పలు చేయండి. రంగు తగలని కట్టె ఒకటి, రంగున్న కట్టె ఒకటి. మొదటిది పొయ్యికి ఇవ్వొచ్చు. రెండోదాన్ని ఏ పొయ్యికీ, ఏ మంటకూ ఇవ్వకండి. గీకడం, గరుకు కాగితంతో పొడిగా రుద్దడం కూడా కాల్చినంత చెడ్డ పని. ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుని నెలల తరబడి ఉంటుంది. వడ్లాయన మిషన్ పెట్టి రుద్దబోతే ఆపండి. రుద్దక తప్పదంటే నీళ్లు చల్లి తడిపి, కింద ప్లాస్టిక్ పరిచి, పిల్లలనూ గర్భిణులనూ దూరంగా పంపి, పని అయ్యాక తడిగుడ్డతో తుడవాలి. చీపురు పట్టకూడదు. పెచ్చులు లేవని రంగు మీద కొత్త పూత వేసి వాడుకోవడం అన్నింటికంటే తేలిక. దుకాణాల్లో దొరికే పరీక్ష కిట్టు సీసం లేదని చూపినంత మాత్రాన ధీమా పడొద్దు. సగం వాడిన పాత రంగు డబ్బాలు ఎవరికీ దానం ఇవ్వొద్దు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు వాటిని ఇంటి ప్రమాదకర చెత్తలో చేర్చాయి. మున్సిపాలిటీ బండికి తడి, పొడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి.

మరి ఆ తలుపులు ఏం చేయాలి? రంగు కింద ఉన్నది చాలా ఇళ్లలో మన ఆదిలాబాద్ అడవుల టేకే. పాత దర్వాజలు, కిటికీలు కొనే దుకాణాల వాళ్లు విరవకుండా అట్లాగే తీసుకుంటారు. రంగు పాతదని, కాల్చొద్దని, పొడిగా రుద్దొద్దని చెప్పి ఇవ్వండి. మా కిటికీలు అట్లాగే పోయి ఇంకొకరి ఇంటికి బిగించబడ్డాయి.

బొమ్మల మాట చెప్పకుండా నిర్మల్ మనిషి వ్యాసం ముగించలేడు. మన షోకేసుల్లోని పండ్లు, పక్షులు, జింకలు తేలికైన పొనికి కట్టెతో చెక్కినవి. చింతగింజలు నూరిన జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చి, నకాషీ కళాకారులు నునుపు తేల్చినవి. ఒకప్పుడు ఆకు పసర్లు, ఖనిజాల రంగులు వాడారు. తర్వాత దేశమంతటా వచ్చినట్టే డ్యూకో, ఎనామిల్ రంగులు వచ్చాయి. ఇందులో కళాకారుల తప్పేమీ లేదు. అంగడిలో దొరికిన రంగే వాళ్లూ కొన్నారు. కాబట్టి పాత బొమ్మలను పసిపిల్లల నోటికి అందకుండా ఎత్తున పెట్టండి. కాళ్లు విరిగాయని, రంగు పోయిందని మాత్రం పారేయకండి. పొనికి దొరకడమే ఇప్పుడు కష్టమైంది. ఒక పాత బొమ్మను నిలబెట్టుకుంటే అడవిలో ఒక కొమ్మ నిలుస్తుంది. ఊరికి పోయినప్పుడు కళాకారుల దగ్గరికి తీసుకుపోయి బాగుచేయించండి, కూలి అడిగినంత ఇవ్వండి, వస్తూ వస్తూ ఒక కొత్త బొమ్మ కొనండి. భౌగోళిక గుర్తింపు పొందిన కళ మన ఊరిది. అది కొనేవాళ్లుంటేనే బతుకుతుంది.

ఇంకో చిన్న మాట. ప్రతి వస్తువును ఇచ్చే ముందు అమ్మను అడిగి దాని కథ ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మా తొట్టెల అమ్మ తల్లిగారింటి నుంచి వచ్చిందని నాకు ఆ కొట్టం ముందు నిలబడ్డప్పుడే తెలిసింది. అంతకుముందే దాన్ని కట్టెల మోపులో వేసి పంపాను. వెనక్కి వచ్చిన వాటిలో అది ఉండటం నా అదృష్టం. ఇక్కడ కూడా మన సంఘం బతుకమ్మ పండుగ రోజు ఒక బల్ల వేసి, పట్టుచీరలు, స్టీలు బోళ్లు, తెలుగు పుస్తకాలు తెచ్చిపెట్టుకుని కావలసినవాళ్లు తీసుకునేట్టు చేస్తే ఇక్కడి ఇళ్లూ తేలికపడతాయి, మన పిల్లలూ వాటిని చేతులతో తాకి నేర్చుకుంటారు.

తొట్టెలకు మేం కొత్త పూత వేయించాం. హైదరాబాద్‌లో చెల్లె ఇంట్లో అమ్మ అందులో బొంతలు మడిచి పెట్టుకుంటుంది. పెద్దమ్మ మనుమరాలు బడికి పోతోంది. నీళ్ల కాగు ఇంకా కట్టెల మీదే కాగుతుంది. కొత్త మోపు ఇంటికి వచ్చినప్పుడల్లా పెద్దమ్మ అమ్మకు ఫోన్ చేసి చెప్తుందట: "ఒక్కొక్క కట్టె తిరగేసి చూసిన అక్కా, దేనికీ రంగు లేదు."