కొండమెట్ల ఓటరు

విజయవాడ పశ్చిమ నియోజకవర్గమునకు ఇంద్రకీలాద్రి శిరస్సు, కృష్ణవేణి పాదపీఠము. కొండపై కనకదుర్గమ్మ కొలువు. దిగువ 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి. వన్‌టౌను ఇరుకు సందులలో వస్త్రలత బట్టల వర్తకము, ఆంధ్రప్రదేశ్ తొలి శాసనసభాపతి అయ్యదేవర కాళేశ్వరరావుగారి పేరిట మార్కెట్టు. ఈ వర్తకమే ఈ ప్రాంతపు బలము.

కాని బస్తాలు మోసి బ్రతుకువారిలో పలువురకు నేలమీద చోటు దొరకలేదు. చిట్టినగరు, కొత్తపేటల వైపు ఇండ్లు మెట్లు మెట్లుగా కొండపైకి ప్రాకినవి. పై ఇంటికి నీరెక్కుట కష్టము; గర్భిణిని దించుటయు కష్టమే. జడివాన రాత్రి, బండ జారునేమో యని తల్లులకు కునుకు పట్టదు.

ఎన్నికలవేళ ఈ మెట్లెక్కు నాయకులు వానకాలమున ఒక్కమారెక్కి చూచిన చాలును. ఆ ఓటు విలువ వారికి తెలియును.