కంపెనీ వెబ్‌సైట్ వికలాంగులకు పనికిరావాలంటే

చూపు లేనివారు, వినపడనివారు, చేతులు సరిగా కదలనివారు, చదివింది అర్థం చేసుకోవడానికి ఎక్కువ సమయం పట్టేవారు, వీళ్లెవరూ పక్కవాళ్ల సాయం అడక్కుండా సమాచారం తెలుసుకుని, చేయాల్సిన పని సొంతంగా పూర్తిచేసుకోగలిగితేనే ఒక వెబ్‌సైట్ వికలాంగులకు అందుబాటులో ఉన్నట్టు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. ఒక్క తమిళనాడులోనే దాదాపు 11.8 లక్షల మంది. వయసు మీదపడి చూపు మందగించినవారు, చెయ్యి విరిగి కొన్ని వారాలు ఒంటిచేత్తో నెట్టుకొచ్చేవారు ఈ లెక్కలోకి రారు. వెబ్‌సైట్‌తో అవస్థ మాత్రం వాళ్లకూ తప్పదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయం, ఇళ్లలో తెలుగు మాట్లాడే రాజు కులస్థుల ఊరు. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా ఇక్కడ రాజపాళయం మిల్స్ స్థాపించారు. 1939లో రామరాజు సర్జికల్ కాటన్ మిల్స్ వచ్చింది. పక్కనున్న చత్రపట్టిలో ఆసుపత్రులకు కావాల్సిన బ్యాండేజీ గుడ్డ నేస్తారు. అలాంటి గుడ్డ అమ్మే కంపెనీ ఒకటి కొత్తగా వెబ్‌సైట్ పెట్టుకుందనుకుందాం. దానికి విజయవాడ నుంచి సరుకు కొనే వ్యాపారి రావచ్చు, ఉద్యోగం కోసం దరఖాస్తు పెట్టుకునే కుర్రాడు రావచ్చు, వాటాదారు రావచ్చు. వీళ్లలో ఎవరికైనా చూపు లేకపోవచ్చు.

చూపు లేనివారు కంప్యూటర్‌ను స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో వాడతారు. తెర మీద ఉన్నదాన్ని అది బయటికి చదివి వినిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్, ఐఫోన్లలో వాయిస్ఓవర్ ముందే ఉంటాయి. విండోస్ కంప్యూటర్లకు ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు దాన్ని తయారుచేశారు. ఇద్దరికీ చూపు లేదు. కరన్ 2006లో ఆ పని మొదలుపెట్టాడు. స్క్రీన్ రీడర్ గురించి ముందుగా తెలుసుకోవాల్సింది, అది పేజీ అందచందాలను కాదు, వెనకున్న కోడ్‌ను చదువుతుందని. పెద్ద అక్షరాలతో, రంగుతో శీర్షికలా కనిపించినంత మాత్రాన అది శీర్షిక అయిపోదు. కోడ్‌లో హెడింగ్ అని గుర్తించి ఉంటేనే వాడేవాళ్లు ఒక్క మీట నొక్కి ఒక శీర్షిక నుంచి ఇంకోదానికి దూకగలుగుతారు. లేకపోతే పేజీ మొత్తం మొదటి నుంచి చివరిదాకా వినాల్సిందే.

మన బ్యాండేజీ కంపెనీ తన సరుకు కొలతలు, ధరల పట్టికను కాగితం మీద అచ్చువేసి, ఫోటో తీసి సైట్‌లో పెట్టిందనుకోండి. చూపున్నవాళ్లకు అన్నీ కనిపిస్తాయి. స్క్రీన్ రీడర్ మాత్రం ‘గ్రాఫిక్’ అని, మహా అయితే కెమెరా ఇచ్చిన ఫైలు పేరులోని అంకెలు చదివి ఊరుకుంటుంది. అదే పట్టికను వెబ్‌పేజీలో నిజమైన పట్టికగా, నిలువు వరుసలకు పేర్లు పెట్టి తయారుచేస్తే ఒక్కో గడి దగ్గర ‘వెడల్పు, 10 సెంటీమీటర్లు’ అని వినిపిస్తుంది. ఫోటోలు అవసరమైన చోట ఆల్ట్ టెక్స్ట్ రాయాలి, అంటే బొమ్మలో ఏముందో చెప్పే చిన్న వాక్యం. ‘ఉత్పత్తి ఫోటో’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘పది సెంటీమీటర్ల వెడల్పున్న గాజ్ బ్యాండేజీ చుట్ట, విడిగా ప్యాక్ చేసినది’ అంటే కొనేవాడికి కావాల్సింది తెలుస్తుంది. కేవలం అలంకారానికి పెట్టిన బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్‌ను ఖాళీగా వదలాలి. అప్పుడు స్క్రీన్ రీడర్ దాన్ని దాటేసి ముందుకు పోతుంది.

ఎక్కువ మంది ఆగిపోయేది ఫారం దగ్గర. పేరు, ఫోన్ నంబరు, ఎన్ని పెట్టెలు కావాలి అని అడిగే గడులకు కోడ్‌లో లేబుల్ కట్టకపోతే, స్క్రీన్ రీడర్ ప్రతి గడి దగ్గరా ‘ఎడిట్, బ్లాంక్’ అని ఒకే మాట చెబుతుంది. ఏ గడిలో ఏం రాయాలో వినేవాళ్లు ఊహించుకోవాలి. గడిలోపల లేత బూడిదరంగులో కనిపించి, టైపు చేయగానే మాయమయ్యే మాటలు లేబుల్‌కు బదులు కావు. తప్పు జరిగినప్పుడు గడి చుట్టూ ఎర్రగీత గీసి ఊరుకుంటే చూపు లేనివారికీ తెలియదు, ఎరుపు, ఆకుపచ్చ తేడా కనిపించనివారికీ తెలియదు. ‘ఫోన్ నంబరులో పది అంకెలు ఉండాలి’ అని మాటల్లో చెప్పాలి. వంకర అక్షరాల బొమ్మ చూపించి టైపు చేయమనే క్యాప్చా ఉంటే, మిగతా అంతా సరిగా ఉన్నా ఫారం వెళ్లదు.

రాజపాళయం లాంటి చోట భాష సంగతి విడిగా చూసుకోవాలి. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, కాగితాల మీద ఇంగ్లిష్. సైట్‌లోనూ ఈ భాషలు కలిసే ఉంటాయి. పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో ఒక చిన్న గుర్తుతో చెప్పాలి. మధ్యలో ఇంకో భాష వాక్యం వస్తే దానికీ విడిగా గుర్తు పెట్టాలి. అది లేకపోతే స్క్రీన్ రీడర్ తమిళ వాక్యాన్ని ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి చెడగొట్టవచ్చు. అంతకన్నా పెద్ద చిక్కు పాత ఫాంట్లది. తమిళంలో బామిని, తెలుగులో అను ఫాంట్లతో టైపు చేసిన మాటలు కంటికి తమిళంగా, తెలుగుగా కనిపించినా లోపల ఉన్నవి వేరే అక్షరాలూ గుర్తులూ. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది, ఒక్క ముక్క అర్థం కాదు. వెబ్‌లోకి వెళ్లే ప్రతి అక్షరం యూనికోడ్‌లో ఉండి తీరాలి. వార్షిక నివేదికను స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టడం కూడా ఇలాంటిదే. అందులో ఉండేది అక్షరాలు కాదు, పేజీల ఫోటోలు.

చేతులు వణికేవారు, మౌస్ పట్టుకోలేనివారు కీబోర్డుతోనే పనిచేస్తారు. ట్యాబ్ మీట నొక్కుతూ పోతే ప్రతి లింకూ, ప్రతి బటనూ వరుసగా అందాలి. ఇప్పుడు ఎక్కడున్నామో చూపించే గీత స్పష్టంగా కనపడాలి. మౌస్ పైకి తెస్తేనే తెరుచుకునే మెనూలు వీళ్లకు ఎప్పటికీ తెరుచుకోవు. వినపడనివారి కోసం ఫ్యాక్టరీ వీడియోలకు కింద మాటలు వేయాలి. చూపు తగ్గినవారి కోసం అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య తేడా బాగా ఉండాలి. వాడుకలో ఉన్న ప్రమాణం ప్రకారం అది కనీసం 4.5కు 1. పేజీని రెండింతలు పెద్దది చేసినా మాటలు ఒకదానిమీద ఒకటి పడకూడదు.

ఆ ప్రమాణం పేరు డబ్ల్యూసీఏజీ. వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్ లీ నెలకొల్పిన డబ్ల్యూ3సీ దీన్ని 1999లో మొదటిసారి విడుదల చేసింది. 2023 అక్టోబరులో వచ్చిన 2.2 రూపం తాజాది. ఇందులో ఏ, ఏఏ, ఏఏఏ అని మూడు స్థాయిలున్నాయి. సాధారణంగా కంపెనీలు లక్ష్యంగా పెట్టుకోవాల్సింది ఏఏ. అయినా పాటించేవాళ్లు తక్కువే. వెబ్ఎయిమ్ అనే అమెరికా సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీలను పరీక్షిస్తుంది. 2025లో వాటిలో 94.8 శాతం పేజీల్లో యంత్రానికే దొరికిపోయే తప్పులున్నాయి. అక్షరాల రంగు పలచగా ఉండటం ఒక్కటే 79 శాతం పేజీల్లో కనిపించింది. అది సరిచేయడానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. ప్రజలకు సేవలందించే ప్రైవేటు సంస్థలకూ అది వర్తిస్తుంది. ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల వరకు, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. సాంకేతిక ప్రమాణంగా భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17802ను తెచ్చింది. అందుబాటుకు సంబంధించిన నిబంధనలు సలహాల్లాగా ఉంటే చాలదని, తప్పనిసరి చేయాల్సిందేనని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025 ఏప్రిల్ 30న వచ్చిన ప్రజ్ఞా ప్రసూన్ తీర్పు మరో అడుగు ముందుకు వేసింది. ఆమె యాసిడ్ దాడికి గురైన మహిళ. బ్యాంకు ఖాతా తెరవబోతే కెమెరా ముందు కళ్లు ఆర్పమన్నారు. ఆమె ఆర్పలేదు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు ఈ కేసులో తేల్చింది.

చట్టం భయంతో కొందరు అడ్డదారి వెతుకుతారు. ఒక్క వరుస కోడ్ అతికిస్తే సైట్ మొత్తం దానంతట అదే బాగుపడుతుందని అమ్మే ఉపకరణాలున్నాయి. అలా ప్రచారం చేసుకున్న యాక్సెసిబీ అనే కంపెనీ పది లక్షల డాలర్లు కట్టాలని 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిర్ణయించింది. పేజీ లోపలి నిర్మాణం సరిగా లేకుండా పైపూతలు పనిచేయవు.

సైట్ తయారుచేసే ఏజెన్సీతో ఒప్పందం రాసుకునేటప్పుడే డబ్ల్యూసీఏజీ 2.2 ఏఏ స్థాయి అని అందులో రాయించుకోవాలి. కట్టేసిన సైట్‌ను తర్వాత విప్పి సరిచేయడానికయ్యే ఖర్చు ఇప్పుడు పెట్టేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. సైట్ చేతికొచ్చాక మౌస్ తీసి పక్కన పెట్టి, కీబోర్డుతోనే ఒక ఆర్డరు పంపి చూడాలి. తర్వాత ఎన్‌వీడీఏ పెట్టుకుని, తెర ఆపేసి, అదే ఫారం మళ్లీ నింపాలి. రోజూ స్క్రీన్ రీడర్ వాడే వికలాంగులను పిలిచి, తగిన రుసుము ఇచ్చి పరీక్ష చేయించాలి. యంత్రాలు పట్టుకోలేని తప్పులను వాళ్లు నిమిషాల్లో చూపిస్తారు. ఎక్కడైనా ఆగిపోయినవాళ్లు చెప్పుకోవడానికి ఒక ఫోన్ నంబరు, ఒక ఈమెయిల్ ప్రతి పేజీ అడుగున ఉంచి, వాటికి జవాబిచ్చే మనిషిని నియమించాలి. కొత్త సరుకు ఫోటో ఎక్కించే గుమాస్తాకు ఆల్ట్ టెక్స్ట్ రాయడం నేర్పకపోతే, ఈరోజు బాగున్న సైట్ ఆరు నెలలకు మళ్లీ పాడవుతుంది.