వార్తల్లో పదం: పర్సోనా నాన్ గ్రాటా

కశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రవాద దాడి జరిగిన మర్నాడే, 2025 ఏప్రిల్ 23న, ఢిల్లీలోని పాకిస్తాన్ హైకమిషన్‌లో పనిచేసే సైనిక, నౌకా, వైమానిక సలహాదారులను మన దేశం ‘పర్సోనా నాన్ గ్రాటా’గా ప్రకటించింది. వారం రోజుల్లో వెళ్లిపొమ్మంది. ఇది లాటిన్ మాట. ఇక్కడ ఉండటం మాకు సమ్మతం కాని మనిషి అని అర్థం.

దౌత్యవేత్తను అరెస్టు చేయకూడదు. కాబట్టి పంపేయడమే దారి. 1961 నాటి వియన్నా ఒప్పందం 9వ అధికరణ ఆ హక్కు ఇస్తోంది, కారణం చెప్పనక్కర్లేదు కూడా. కానీ వెళ్లడానికి తగిన గడువుంటుంది. యుద్ధం వచ్చినా సరే, కుటుంబంతో సహా బయల్దేరే వీలు కల్పించాలంటుంది 44వ అధికరణ. నాకు ఈ ఒప్పందంలో అన్నిటికన్నా నచ్చే వాక్యం అదే.

పలమనేరు కాలేజీ పిల్లలకు దీన్ని ‘వెలి’ అని చెబితే తప్పవుతుంది. వెలి వేస్తే నీళ్లూ నిప్పూ మాటా అన్నీ బంద్. అది వాళ్లకు తెలియనిదీ కాదు. క్లాసు వాట్సాప్ గ్రూపులోంచి ఒకమ్మాయిని రాత్రికి రాత్రి తీసేస్తారు. పొద్దున బస్సులో ఆమె పక్క సీటు ఖాళీ. దౌత్యవేత్తకు చెప్పకపోయినా, ఆ పిల్లకు మాత్రం కారణం చెప్పి తీరాలి. ఆమెకు గడువు లేదు, తిరిగి వెళ్లడానికి వేరే దేశమూ లేదు.