ముప్పై ఏళ్ల ట్రక్కుకు మూడో పెడల్

అమెరికాలో స్థిరపడిన మనలో చాలామంది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో క్లచ్ తొక్కుతూ డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లమే. ఇక్కడికొచ్చాక ఎడమ కాలికి పని లేకుండా పోయింది. డాలస్ శివారులో ఉండే నేను ఈ మధ్య ఆ కాలికి మళ్లీ పని చెప్పాను. నా 1994 ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తీసేసి మాన్యువల్ బిగించాను.

దాని ఇంజిన్ 4.9 లీటర్లది, ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయి. 1965 నుంచి 1996 వరకు తయారైన ఈ ఇంజిన్ గట్టితనానికి పేరు. ముప్పై ఏళ్లు నమ్మకంగా పనిచేసిన ఆటోమేటిక్ మాత్రం అరిగిపోయింది. దాన్ని విప్పి బాగుచేయించాలంటే ట్రక్కు విలువను మించిన ఖర్చు. మంచి ఇంజిన్‌ను తుక్కుకింద ఇవ్వడానికి మనసొప్పలేదు. పదిహేడేళ్ల మా అబ్బాయి ‘నాన్నా, నాకు గేర్ల బండి నేర్పవా’ అని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు.

గేర్‌బాక్స్ ఒక్కటే చాలదు

మాజ్దా తయారుచేసిన ఎం5ఓడీ-ఆర్2 అనే ఐదు గేర్ల పెట్టె ఇదే ట్రక్కుకు కంపెనీ నుంచే వచ్చేది. అందుకే ఇంజిన్‌కు సరిగ్గా కూర్చుంటుంది. కానీ దానితోపాటు ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, పెడళ్లు, క్లచ్ హైడ్రాలిక్ సిలిండర్లు, క్యాబిన్ నేలలో గేర్ రాడ్ వచ్చే భాగం కావాలి. రెండు గేర్‌బాక్సుల పొడవు ఒకటి కాదు కాబట్టి డ్రైవ్ షాఫ్ట్ కూడా మారుతుంది. క్రాంక్ షాఫ్ట్ చివర పెట్టే చిన్న పైలట్ బేరింగ్‌ను మరిచిపోతే మళ్లీ అంతా విప్పాల్సిందే. ఇవన్నీ విడివిడిగా వెతకడం కంటే, అదే ఇంజిన్, అదే తరం మాన్యువల్ ట్రక్కును జంక్ యార్డులో చూసుకుని అన్నీ ఒకేచోట తీసుకోవడం మేలు. నేను అదే చేశాను.

క్లచ్ సిలిండర్లు, ప్లేట్లు, రిలీజ్ బేరింగ్ మాత్రం కొత్తవే వేయండి. స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ ముందు భాగం లోపల ఉంటుంది. అది పాడైతే గేర్‌బాక్స్ దించక తప్పదు. పై మూత వెనకవైపు మూడు రబ్బరు బిరడాలు ఉంటాయి. వయసుతో అవి గట్టిపడి ఆయిల్ కారుతుంది. బిగించకముందే మార్చితే పని సులువు.

కంప్యూటర్‌కూ చెప్పాలి

మన వృత్తివాళ్లకు నచ్చే భాగం ఇది. ఆ ఆటోమేటిక్‌లో గేర్లు మార్చేది ఇంజిన్ కంప్యూటరే. పాతదాన్నే ఉంచితే, లేని గేర్‌బాక్స్ కోసం వెతుకుతూ ఎర్రర్ కోడ్‌లు చూపిస్తూనే ఉంటుంది. మాన్యువల్ ట్రక్కు కంప్యూటర్ పెట్టడమే సరైన దారి. రివర్స్ లైట్ల వైర్లూ మార్చాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది స్టార్టర్ వైరింగ్. ఆటోమేటిక్ బండి పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్ట్ అవుతుంది. ఆ స్విచ్ వైర్లను నేరుగా కలిపేస్తే, గేరులో ఉన్న బండి తాళం తిప్పగానే ముందుకు దూకుతుంది. ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఈ అడ్డదారి తొక్కొద్దు. క్లచ్ పూర్తిగా తొక్కితేనే స్టార్ట్ అయ్యేలా పెడల్ స్విచ్‌కు కలపండి. పని చేసేటప్పుడు బండిని జాకీ మీద కాకుండా స్టాండ్ల మీద నిలపండి. గేర్‌బాక్స్ దించడానికి దానికోసమే వచ్చే జాకీ అద్దెకు దొరుకుతుంది.

ఎవరికి లాభం?

మాకు ఆరు వారాంతాలు పట్టింది. భారీ ట్రైలర్లు లాగేవాళ్లకు ఈ గేర్‌బాక్స్ సరిపోదు. అమ్మేటప్పుడు ఎక్కువ ధర వస్తుందన్న ఆశా వద్దు. మొదలుపెట్టే ముందు మీ రాష్ట్రంలో పొగ పరీక్ష నిబంధనలు చూసుకోండి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి. ఇంజిన్ బాగుండి, చాసిస్‌కు తుప్పు పట్టకుండా ఉంటేనే ఈ శ్రమకు ఫలితం.

మా అబ్బాయికి ఇప్పుడు ఎత్తు మీద ఆపిన బండిని వెనక్కి జారకుండా కదిలించడం వచ్చు. ఈ వేసవిలో ఊరెళ్లినప్పుడు తాతగారి కారు ఎక్కించుకుని తిప్పుతానని ఇప్పటినుంచే ఫోన్లో చెబుతున్నాడు. ముందు అక్కడ చెల్లే లైసెన్సు, ఆ తర్వాతే తాళాలు అన్నాను.